ఏ గడికి ఏ నియమం: కేటలాగులో హైఫన్లు, క్యాపిటల్స్ ఎలా తేల్చుకోవాలి

కార్తీక మాసం ఇంకా నాలుగు రోజుల్లో మొదలవుతుందనగా, తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక ఇత్తడి సామాన్ల కొట్లో కూర్చుని ఉన్నాను. అయిదంగుళాల ఇత్తడి కుంది వాళ్ళ వెబ్‌సైట్‌లో స్టాక్ లేదని చూపిస్తోంది. ముందురోజు వచ్చిన రెండు ఆర్డర్లను అప్పటికే క్యాన్సిల్ చేసేశారు. వెనక గదిలో అట్టపెట్టెలు దించి లెక్కపెడితే 48 కుందులున్నాయి, చుట్టిన కాగితం కూడా విప్పలేదు.

సరుకంతా రాసుకునే ఎక్సెల్ షీట్‌లో వెతికితే ఆ కుంది మూడు వరుసల్లో దొరికింది. ఒకచోట అన్నీ క్యాపిటల్ అక్షరాలు, 5కీ ఇంచ్‌కీ మధ్య హైఫన్. ఇంకోచోట ప్రతి మాటకూ మొదటి అక్షరం పెద్దది, మధ్యలో ఖాళీ. మూడోచోట అన్నీ చిన్న అక్షరాలు, 5కి ఇంచ్ అతుక్కుని ఉంది. సరుకు దిగినప్పుడు ఒక వరుసలో ఎక్కించారు, వెబ్‌సైట్ ఇంకో వరుసను చూస్తోంది. "ఒకటే దీపం కదమ్మా, దీనికి మూడు పేర్లు ఎట్లొచ్చినాయి?" అన్నారు ఓనరుగారు. ముగ్గురు టైప్ చేశారు కాబట్టి మూడు పేర్లొచ్చాయి. ఆ ముగ్గురిలో తప్పు ఎవరిదీ కాదు. ఎలా రాయాలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

తిరుపతి, చిత్తూరు వైపు కొట్లకు ఇలాంటి షీట్లు సరిచేసి పెట్టడం నా పని. పూజా సామాన్లు, చీరలు, మామిడి గుజ్జు డబ్బాలు, కొయ్యబొమ్మలు, ఏ కొట్టుకు వెళ్ళినా ముందు వినిపించే ప్రశ్న ఒకటే: "అంతా క్యాపిటల్స్‌లోకి మార్చి, హైఫన్లన్నీ తీసేస్తే సరిపోతుంది కదా?" సరిపోదు. షీట్ మొత్తానికి ఒకే నియమం పెట్టాలనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. గడి అంటే ఇక్కడ షీట్‌లోని నిలువు వరుస, కాలమ్. పేరు గడిని కొనేవాళ్ళు చదువుతారు. కోడ్ గడిని మెషిన్ చదువుతుంది. బరువు గడి మీద చట్టం కన్ను ఉంటుంది. ఒక్కో గడికి దాన్ని చదివేవాళ్ళను బట్టి నియమం పెట్టుకోవాలి.

రెండు మూడు దారులు కనిపించినచోట నేను వేసుకునే ప్రశ్న ఇది: నిన్న పనిలో చేరిన అమ్మాయి పక్కవాళ్ళను అడక్కుండా పాటించగలిగేది ఏది? ఇంగ్లీషు వ్యాకరణం ప్రకారం ఎంత ఒప్పయినా సరే, ప్రతిసారీ అడిగి తెలుసుకోవాల్సిన నియమం పండగ రద్దీలో నిలవదు.

ఇక్కడ చూపించే పేర్లు షీట్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేవే, చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాను. పెద్దవాళ్ళు ఇంగ్లీషు క్యాపిటల్ అక్షరాలను పెద్దబడి, చిన్న అక్షరాలను చిన్నబడి అనేవాళ్ళు. మన అక్షరాలకు ఆ తేడా లేదు కాబట్టి ఆ మాటలే వాడుకుంటాను.

పేరు గడి: పెద్దబడా, చిన్నబడా?

మన కొట్లలో ఎక్కువగా కనిపించేది మొత్తం పెద్దబడి. పాత బిల్లింగ్ ప్రోగ్రాముల అలవాటు అది. క్యాప్స్ లాక్ ఒకసారి నొక్కితే మళ్ళీ ఆలోచించే పని లేదు, చిన్న బిల్లు కాగితం మీద కూడా అక్షరాలు స్పష్టంగా పడతాయి. ఇద్దరు టైప్ చేసినా ఒకేలా వస్తుంది. నేను పైన చెప్పిన పరీక్షలో ఇది నెగ్గినట్టే కనిపిస్తుంది. అయినా పేరు గడికి దీన్ని వద్దంటాను, రెండు కారణాలున్నాయి.

మొదటిది, ఆన్‌లైన్‌లో అమ్మాలంటే ఇది చెల్లదు. అమెజాన్ తన టైటిల్ నియమాల్లో మొత్తం పెద్దబడి వద్దంటుంది. గూగుల్‌లో సరుకు చూపించుకోవడానికి వాడే మర్చంట్ సెంటర్ కూడా అంతే. రెండో కారణం ఇంకా బలమైనది: పెద్దబడిలోకి వెళ్ళినదాన్ని వెనక్కి తేలేం. చిన్నబడి నుంచి పెద్దబడికి ఒక్క ఫార్ములాతో మారిపోవచ్చు. తిరుగు దారిలో మాత్రం బ్రాండ్ తన పేరులో ఏ అక్షరం పెద్దగా రాసుకుందో, ఎక్కడ ఎల్‌ఈడీ లాంటి పొడి అక్షరాలున్నాయో ఏ ఫార్ములాకూ తెలియదు. మనుషులు కూర్చుని ఒక్కో వరుసా చూడాల్సిందే. బిల్లు మీద పెద్దబడి కావాలంటే బిల్లు తీసేటప్పుడు మార్చుకోవచ్చు. షీట్‌లో మాత్రం పేరును అసలు రూపంలోనే ఉంచుకోండి.

రెండో దారి, ప్రతి మాటకూ మొదటి అక్షరం పెద్దది. అమెజాన్ అడిగేది ఇదే, విత్, ఇన్, ఆన్, ఫర్, ఆండ్, ఆర్ లాంటి చిన్న మాటలు మాత్రం చిన్నబడిలో ఉండాలి. ఇందులో చిక్కంతా ఆ చిన్న మాటల దగ్గరే. "విత్" అనే మాటను అమెరికా పత్రికలవాళ్ళు పాటించే ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) పద్ధతి పెద్ద అక్షరంతో రాయమంటుంది, ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పెద్దదే అని లెక్క. పుస్తకాలవాళ్ళు పాటించే షికాగో పద్ధతి అదే మాటను చిన్నగా ఉంచమంటుంది. రెండూ పేరున్న పద్ధతులే. అందుకే ఎవరిది ఒప్పని తేల్చే పని పెట్టుకోకుండా, చిన్నబడిలో ఉండే మాటలను ఒక పది పన్నెండు ఏరి కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అంటించండి. ఆ కాగితంలో లేని మాట ఏదైనా పెద్ద అక్షరంతోనే మొదలవుతుంది. ఇక అడిగే పని లేదు.

మూడో దారి మామూలు వాక్యంలా రాయడం: మొదటి మాటకు, ఊళ్ళ పేర్లకు, బ్రాండ్లకు మాత్రమే పెద్ద అక్షరం. పొడుగు పేర్లు చదవడానికి ఇదే హాయిగా ఉంటుంది. మీకు సొంత వెబ్‌సైట్ ఒక్కటే ఉండి, రాసేవాళ్ళకు ఇంగ్లీషు బాగా వచ్చుంటే ఇదే పెట్టుకోండి. మన వైపు సరుకుతో మాత్రం ఒక ఇబ్బంది ఉంది. వెంకటగిరి ఊరి పేరు కాబట్టి పెద్ద అక్షరం, సరే. మరి కలంకారీ? అది పని పేరా, సరుకు పేరా? తోతాపురి మామిడి రకం పేరు, పెద్దదా చిన్నదా? బేనీషా? చేర్చి చూస్తే సగం సరుకు ఇలాంటి సందేహాల్లోనే ఉంటుంది. అందుకే ఆన్‌లైన్ అంగళ్ళలో అమ్మే కొట్టుకైతే నేను రెండో దారే పెడతాను. అక్కడ కలంకారీకి, కుందికి, చెంబుకు అన్నిటికీ ఒకే పద్ధతి, సందేహమే రాదు.

బ్రాండ్ పేరు ఏ దారిలోనూ కలవదు. ఐఫోన్‌లో ఐ చిన్నది, దాని పక్క అక్షరం పెద్దది, అది వాళ్ళ ఇష్టం. బ్రాండ్‌కు వేరే గడి పెట్టి, అట్టపెట్టె మీద ఉన్నట్టే దించండి, ఆ గడి మీద ఏ ఫార్ములా నడపకండి. ఫలానా ఊరి సరుకని ప్రభుత్వం ఇచ్చే జీఐ గుర్తింపు ఉన్న సరుకు పేరుకూ ఇదే మర్యాద ఇవ్వాలి. శ్రీకాళహస్తి కలంకారీకి 2005లో, తిరుపతి లడ్డూకు 2009లో ఆ గుర్తింపు వచ్చింది. కాళహస్తిని ఇంగ్లీషులో టీ తర్వాత హెచ్ పెట్టి కొందరు, పెట్టకుండా కొందరు రాస్తారు. రిజిస్టర్‌లో ఉన్న స్పెల్లింగ్ ఒకసారి చూసుకుని అదే ఖాయం చేసుకోండి. కలం పట్టి చేతితో వేసిన కాళహస్తి గుడ్డనూ, అచ్చులతో వేసే మచిలీపట్నం గుడ్డనూ ఒట్టి "కలంకారీ" అని ఒకే వరుసలో కలిపేసిన షీట్ చూశాను. నెలల తరబడి కలం పట్టుకుని కూర్చునే మనిషి కష్టం ఆ ఒక్క మాటతో చెరిగిపోతుంది.

హైఫన్: అసలు దెబ్బ తగిలేది ఇక్కడ

క్యాపిటల్స్ తేడా వెంటనే కంటికి తెలుస్తుంది, కానీ లెక్కను పాడుచేయదు. హైఫన్ తేడాను కన్ను దాటేస్తుంది, లెక్క మాత్రం తప్పుతుంది. ఎక్సెల్‌లో వెతకడానికి, లెక్కపెట్టడానికి వాడే వీలుకప్, కౌంట్‌ఇఫ్ లాంటి ఫార్ములాలు పెద్దబడిని, చిన్నబడిని ఒకటిగానే చూస్తాయి. కాబట్టి కుంది పేరు మూడు బడుల్లో ఉన్నా అవి కలిపి లెక్కపెట్టేవి. హైఫన్ ఉన్న పేరు, ఖాళీ ఉన్న పేరు, అతికిన పేరు మాత్రం వాటికి మూడు వేరు వస్తువులు. 48 కుందులు వెనక గదిలో ఉండిపోవడానికి కారణం ఆ చిన్న గీతే. అందుకే చేతిలో ఒక్క రోజే టైముంటే క్యాపిటల్స్ వదిలేసి హైఫన్లు సరిచేయండి.

అక్షర క్రమంలో పేర్చితే డూప్లికేట్లు పక్కపక్కకు వస్తాయి కదా అనుకుంటాం. అదీ జరగదు. ఎక్సెల్ క్రమంలో పెట్టేటప్పుడు హైఫన్‌ను లెక్కలోకి తీసుకోదు. "వాటర్-బాటిల్"ను "వాటర్‌బాటిల్" అన్నట్టే చూస్తుంది. ఖాళీకి మాత్రం అక్షరాలకంటే ముందు చోటిస్తుంది. దాంతో "వాటర్ బాటిల్" పైన ఉంటుంది, దాని కింద వాటర్ క్యాన్, వాటర్ జగ్, వాటర్ ఫిల్టర్ వరుసలన్నీ అయ్యాక ఎక్కడో "వాటర్-బాటిల్" వస్తుంది. స్క్రీన్ మీద రెండూ ఒకేసారి కనపడవు.

ఏది రాయాలి మరి? మొదటి దారి, ఇంగ్లీషు వ్యాకరణం చెప్పినట్టు రాయడం. రెండు మాటలు కలిసి ముందు నిలబడి తర్వాతి మాటను వర్ణిస్తే మధ్యలో హైఫన్, తర్వాత వస్తే అక్కర్లేదు. అంటే "లాంగ్-స్లీవ్ షర్ట్"కు హైఫన్ ఉంటుంది, "షర్ట్ విత్ లాంగ్ స్లీవ్స్"కు ఉండదు. పుస్తకం రాసేవాళ్ళకు ఇది మంచి నియమం. రోజుకు రెండు వందల వరుసలు ఎక్కించే మనిషికి కాదు. రెండో దారి, అన్నిటినీ అతికించడం, చదవడానికి కష్టం. పైగా కొనేవాళ్ళు వెతికేటప్పుడు ఎక్కువగా ఖాళీ పెట్టే టైప్ చేస్తారు. మూడోది, అన్నిచోట్లా ఖాళీయే పెట్టి, హైఫన్ ఉండే మాటలకు ఒక పట్టీ రాసుకోవడం.

నా ఓటు మూడోదానికి. నిఘంటువును నమ్ముకుందామంటే అదీ ఒకచోట నిలవదు. షార్టర్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 2007లో వచ్చిన ఆరో కూర్పులో ఏకంగా 16,000 మాటల నుంచి హైఫన్లు తీసేసింది. ఐస్-క్రీమ్ అప్పటినుంచి అందులో రెండు విడి మాటలు. బంబుల్-బీ అతుక్కుని ఒకే మాట అయింది. మాటలు అలా కదులుతూనే ఉంటాయి కాబట్టి మీ పట్టీయే మీ నిఘంటువు. టీ-షర్ట్, నాన్-స్టిక్, త్రీ-ఇన్-వన్ లాంటివి అందులో ఉంటాయి. పూజా సామాన్ల కొట్టుకు పదిహేను మాటలు దాటలేదు, బట్టల కొట్టుకు నలభై దాకా వచ్చాయి. హైఫన్ తర్వాతి అక్షరం పెద్దదా చిన్నదా అన్నది కూడా ఇక్కడే తేల్చేయండి. నేనైతే ఎప్పుడూ పెద్దదే అంటాను. ప్రతి మాటకూ మొదటి అక్షరాన్ని పెద్దది చేసే ప్రాపర్ ఫార్ములా ఎక్సెల్‌లో ఉంది, అది ఎలాగూ అలాగే చేస్తుంది, దానితో పోట్లాడటం ఎందుకు?

కీబోర్డు మీది హైఫన్ ఒక్కటే హైఫన్ కాదని కూడా తెలిసి ఉండాలి. వర్డ్‌లో టైప్ చేస్తే ఒక్కోసారి అది తనంతట తనే కొంచెం పొడుగు గీత అయిపోతుంది. పైనుంచి సరుకు పంపేవాళ్ళ పట్టీని కాపీ చేసి షీట్‌లో అతికిస్తే ఆ పొడుగు గీత కూడా వచ్చేస్తుంది. కంప్యూటర్‌లో ప్రతి గుర్తుకూ ఒక నంబరిచ్చే యూనికోడ్‌లో మామూలు హైఫన్ నంబరు 45, పొడుగు గీత నంబరు 8211, విరగని హైఫన్ 8209, లెక్కల్లోని మైనస్ 8722. కంటికి నాలుగూ గీతలే, కంప్యూటర్‌కు నాలుగు వేర్వేరు అక్షరాలు. ఒక గుర్తును ఇంకోదానిగా మార్చే సబ్‌స్టిట్యూట్ ఫార్ములాలో, నంబరిస్తే గుర్తును తెచ్చే యూనిచార్ పెట్టి ఆ మూడు నంబర్లనూ మామూలు హైఫన్‌గా మార్చేయడం ఏ షీట్‌కైనా నేను చేసే మొదటి పని. ఖాళీల్లోనూ ఇలాంటిదే ఒకటుంది, నంబరు 160. అదనపు ఖాళీలు తీసే ట్రిమ్ ఫార్ములా దాన్ని తీయదు, దాన్ని కూడా అదే సబ్‌స్టిట్యూట్‌తో మార్చాల్సిందే.

అంకెల మధ్య హైఫన్ కథ వేరు. ఒక బట్టల కొట్లో ఆడపిల్లల పట్టు లంగాల షీట్ తెరిచాను. సైజు గడిలో వయసులుండాలి. చూస్తే 2 ఏప్రిల్, 4 జూన్, 6 ఆగస్టు, 8 అక్టోబర్, 10 డిసెంబర్ అని వరుసగా తేదీలున్నాయి, ఆ కింద 14-16 మాత్రం ఉన్నదున్నట్టు ఉంది. 2-4, 4-6 అని టైప్ చేస్తే ఎక్సెల్ వాటిని తేదీలనుకుంది. పద్నాలుగో నెలా లేదు, పదహారో నెలా లేదు కాబట్టి 14-16 బతికింది. ఇది మన ఒక్కరి బాధ కాదు. ఎక్సెల్ మనుషుల జన్యువుల పేర్లను తేదీలుగా మారుస్తోందని, ఆ పేర్లు ఖాయం చేసే అంతర్జాతీయ కమిటీ 2020లో పేర్లే మార్చుకుంది. మార్చ్1 అనే జన్యువు ఇప్పుడు మార్చ్‌ఎఫ్1. 2023లో మైక్రోసాఫ్ట్ ఈ మార్పిడిని ఆపే సెట్టింగ్ ఇచ్చింది, కానీ కొట్లో ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ అది ఉందని, ఆపి ఉందని నమ్మలేం. వయసు, సైజు లాంటి చోట్ల హైఫన్ బదులు "టు" అనే మాట రాయించండి: 10 టు 12 ఇయర్స్. నాలుగు అక్షరాలు ఎక్కువ పడితే పడనీ, తేదీగా మాత్రం ఎన్నటికీ మారదు.

అంకెకూ కొలతకూ మధ్య కూడా నేను ఖాళీయే పెట్టిస్తాను. కుదిరితే అంకెకు ఒక గడి, కొలతకు ఒక గడి పెట్టుకోండి. అప్పుడు 5-ఇంచ్, 5 ఇంచ్, 5ఇంచ్ అనే గొడవే పుట్టదు.

కోడ్ గడి: ఇక్కడ పెద్దబడే, హైఫన్ కూడా ఉండాలి

పేరు గడిలో వద్దన్నవి రెండూ కోడ్ గడిలో కావాలంటాను. కోడ్‌ను చదివేది మెషిన్, అప్పుడప్పుడు ఫోన్‌లో చదివి వినిపించే మనిషి. 1974లో వచ్చిన కోడ్ 39 అనే బార్‌కోడ్ రకం ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. దాని మామూలు రూపంలో ఉండేవి 43 గుర్తులే: పెద్దబడి ఇరవై ఆరు అక్షరాలు, పది అంకెలు, హైఫన్‌తో కలిపి ఏడు ఇతర గుర్తులు. చిన్నబడి అందులో లేదు. కోడ్ 128 రకానికి ఆ ఇబ్బంది లేదు, కానీ కోడ్‌లో చిన్నబడి ఉండి, స్కాన్ చేసే కంప్యూటర్‌లో క్యాప్స్ లాక్ పడి ఉంటే కీబోర్డులా పనిచేసే స్కానర్ చాలాసార్లు పెద్దవి చిన్నగా, చిన్నవి పెద్దగా పంపిస్తుంది. అంతా పెద్దబడి అని ఒక్కమాటలో తేల్చేస్తే షీట్‌లో ఎలా ఉండాలన్న సందేహం మిగలదు, తలకిందులైనా ఎక్కడ తప్పిందో వెంటనే తెలుస్తుంది.

హైఫన్ లేకుండా ఒట్టి అంకెలతో కోడ్ పెడితే ముందున్న సున్నాలు ఎక్సెల్ తినేస్తుంది, 00512 కాస్తా 512 అవుతుంది. అంకెల మధ్య ఇంగ్లీషు "ఈ" అక్షరం ఒక్కటి వస్తే ఇంకా ప్రమాదం: 12ఈ05 అనే కోడ్‌ను పన్నెండు లక్షలు అనుకుని మార్చేస్తుంది. 13 అంకెల బార్‌కోడ్ నంబరైతే మామూలు గడిలో సగం కనపడకుండా పోతుంది. అందుకే బార్‌కోడ్ గడిని టైప్ చేయడానికి ముందే టెక్స్ట్‌గా మార్చి పెట్టాలి. మీ సొంత కోడ్ మాత్రం అక్షరాలతో మొదలుపెట్టి, మధ్యలో హైఫన్లతో మూడు ముక్కలుగా ఉంచండి: లోహం, వస్తువు, సైజు. బీఆర్-కేడీ-05 అంటే ఇత్తడి కుంది అయిదంగుళాలు. ఫోన్‌లో చెప్పేటప్పుడు ముక్కముక్కగా వినబడుతుంది. ఇంగ్లీషు "ఓ", "ఐ" అక్షరాలు వాడకండి, సున్నాతో, ఒకటితో కలిసిపోతాయి.

స్లాష్ గీత కొందరికి ఇష్టం. జీఎస్టీ బిల్లు నంబరులో హైఫన్, స్లాష్ రెండూ పెట్టుకోవచ్చు, మొత్తం 16 గుర్తులు దాటకూడదు. అది బిల్లు నంబరుకు. వస్తువు కోడ్‌లో స్లాష్ వద్దు, ఎందుకంటే అదే కోడ్‌తో ఫొటోకు పేరు పెట్టబోతే కంప్యూటర్ ఒప్పుకోదు. బిల్లు నంబర్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి: జీఎస్టీ బిల్లులు నమోదయ్యే ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్ 2025 జూన్ 1 నుంచి బిల్లు నంబర్లలో పెద్దబడికీ చిన్నబడికీ తేడా చూడటం మానేసి, అన్నిటినీ పెద్దబడిలోకే మార్చుకుంటోంది. ఈ-ఇన్‌వాయిస్ తీసే కొట్లు బిల్లు నంబరును కూడా మొదటినుంచే పెద్దబడిలో పెట్టుకోవడం మేలు.

కొలతలు, లింకులు

కొలతల గుర్తులకు దారులేం లేవు, ఉన్నది ఒక్కటే. కిలోకు కె చిన్నది, జి చిన్నది. పెద్ద కె అంటే కెల్విన్, ఉష్ణోగ్రత కొలత. గ్రాముకు ఒక్క జి చాలు, వెనక ఎం, ఎస్ తగిలించకూడదు, ఎన్ని గ్రాములైనా అంతే. వాట్‌కు, వోల్ట్‌కు పెద్ద అక్షరాలు, అవి మనుషుల పేర్ల మీద వచ్చిన కొలతలు. లీటరుకు చిన్న ఎల్ రాయొచ్చు, పెద్ద ఎల్ రాయొచ్చు, రెండిటికీ ఒప్పుకోలు ఉంది. చిన్న ఎల్ ఒకటి అంకెలా కనిపిస్తుంది కాబట్టి నేను పెద్దది పెడతాను. ప్యాక్ చేసిన సరుకుకు తూనికలు కొలతల నిబంధనలు వర్తిస్తాయి, 2018 జనవరి 1 నుంచి నికర పరిమాణం లాంటి వివరాలు ఆన్‌లైన్ పేజీలో కూడా చూపించాలి. చిత్తూరు మామిడి గుజ్జు 850 గ్రాముల డబ్బా, 3.1 కిలోల డబ్బా అమ్మేవాళ్ళు డబ్బా మీద ఒకలా, షీట్‌లో ఒకలా రాసుకుంటే ఆ తేడా కొనేవాళ్ళ ముందే బయటపడుతుంది.

లింకులకు, ఫొటోల పేర్లకు అంతా చిన్నబడి, మాటల మధ్య ఖాళీ బదులు హైఫన్. గూగుల్ కూడా లింకుల్లో అండర్‌స్కోర్ (కింది గీత) కాకుండా హైఫన్ వాడమంటుంది. వెబ్‌సైట్లు ఎక్కువగా విండోస్ మీద కాకుండా లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తాయి. అక్కడ పెద్ద అక్షరంతో మొదలైన ఫొటో పేరు, చిన్న అక్షరంతో మొదలైనది రెండు వేరు ఫైళ్ళు. మీ విండోస్ కంప్యూటర్‌లో చక్కగా కనిపించిన ఫొటో వెబ్‌సైట్‌లో ఖాళీ డబ్బాగా కనిపిస్తే మొదట చూడాల్సింది ఇదే. ఫొటోకు కోడే పేరు పెట్టేవాళ్ళు ఆ ఒక్కచోట దాన్ని చిన్నబడిలో రాయాలి.

తెలుగు పేరు గడి

తెలుగు పేర్లు కూడా పెట్టే కొట్లు ఇప్పుడు పెరుగుతున్నాయి, నాకు చాలా సంతోషం. పెద్దబడి చిన్నబడి గొడవ లేదు కాబట్టి తెలుగు గడికి నియమమే అక్కర్లేదనుకుంటారు. కానీ రాగి చెంబు, రాగిచెంబు రెండూ రాస్తాం, రెండూ తెలుగే. వెతుకులాటలో అవి కలవవు. లోహం పేరు, వస్తువు పేరు విడివిడిగా రాయాలని ఒక నియమం పెట్టేయండి: రాగి చెంబు, ఇత్తడి కుంది, వెండి గిన్నె. పంచపాత్ర, ఉద్ధరిణి లాంటివి ఎలాగూ ఒకే మాటలు. కుందిని సెమ్మె అనేవాళ్ళూ ఉంటారు. ఆ మాటను పేరులో కలపకుండా, వెతకడానికి పనికొచ్చే మాటలకు వేరే గడి ఉంచి అందులో పెట్టండి.

ఇంగ్లీషు మాటలను తెలుగులో రాసినప్పుడు ఇంకో చిక్కుంది. "స్టీల్‌ప్లేట్" అని కలిపి రాసేటప్పుడు ల కింద ప వత్తు పడకుండా ఉండటానికి మధ్యలో కనపడని గుర్తు ఒకటి పెడతాం. కొన్ని కీబోర్డులు దాన్ని సులువుగా ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. దాంతో ఒకరు టైప్ చేసిన మాట ఇంకొకరు వెతికితే దొరకదు. కేటలాగులో ఇలాంటి మాటలను విడదీసి "స్టీల్ ప్లేట్" అనే రాయించండి, ఆ గుర్తు అవసరమే రాదు.

పాత షీట్‌ను ఎలా సరిచేయాలి

ఎక్సెల్ ఫార్ములాతోనా, ఓపెన్‌రిఫైన్ లాంటి ప్రోగ్రాముతోనా, చేతితోనా? అయిదు వందల వరుసల లోపైతే ఎక్సెల్ చాలు, కానీ ప్రాపర్ ఫార్ములాను గుడ్డిగా నమ్మకండి. అంకె తర్వాతి అక్షరాన్ని కూడా అది పెద్దది చేస్తుంది, 500ఎంఎల్ అని కలిపి రాసి ఉంటే ఎం పెద్దదైపోతుంది. ఎల్‌ఈడీలో మొదటి అక్షరం ఒక్కటే పెద్దదిగా మిగిలి "లెడ్" అవుతుంది. మెన్స్ అని రాసేటప్పుడు పెట్టే కొటేషన్ గుర్తు తర్వాతి ఎస్ పెద్దదైపోతుంది. కాబట్టి ఫార్ములాను పక్క గడిలో నడిపి, పాతదానితో పోల్చి, తేడా ఉన్న వరుసలను కంటితో చూసి అప్పుడు మార్చండి.

వేలల్లో ఉంటే ఓపెన్‌రిఫైన్ వాడండి, ఉచితం. ఒకేలా ఉన్న పేర్లను గుంపులుగా చేసి చూపిస్తుంది. అందులో మొదట కనిపించే ఫింగర్‌ప్రింట్ పద్ధతి పెద్దబడి తేడాలను, మాటల వరుస తేడాలను పట్టుకుంటుంది. హైఫన్‌ను మాత్రం అది ఊరికే తీసేస్తుంది కాబట్టి "వాటర్-బాటిల్" ఒకే మాటగా మారి, "వాటర్ బాటిల్"తో కలవదు. దాని తర్వాత ఎన్-గ్రామ్ ఫింగర్‌ప్రింట్ కూడా నడపాలి, అది ఖాళీలను కూడా తీసేసి చూస్తుంది, అప్పుడు మూడు రూపాలూ ఒక గుంపులోకొస్తాయి. మొదటిది నడిపి డూప్లికేట్లు అయిపోయాయని ఆగిపోయినవాళ్ళను చూశాను.

హైఫన్లన్నీ ఫైండ్ అండ్ రీప్లేస్‌తో షీట్ మొత్తంలో ఒకేసారి తీసేయాలనే ఆలోచన మాత్రం ఎవరికొచ్చినా ఆపండి. కోడ్లు, మోడల్ నంబర్లు, ఫోన్ నంబర్లు అన్నీ దానితోపాటే పోతాయి. ముందు ఒక్క గడిని ఎంచుకుని, దానిలోనే మార్చాలి.

స్టిక్కర్లు అంటించేసిన పాత కోడ్లను కొత్త నియమంలోకి మార్చాలా అని అందరూ అడుగుతారు. సరుకు అమ్ముడయ్యే దాకా మార్చొద్దంటాను. కొత్త సరుకు దిగినప్పటి నుంచి కొత్త కోడ్, పాతదానికి "పాత కోడ్" అని ఒక గడి, అంతే. ఆ ఇత్తడి కొట్లో కూడా అలాగే చేశాం. కుందికి ఒక్క వరుసే మిగిల్చి, మిగతా రెండు పేర్లనూ వెతికే మాటల గడిలోకి పంపాం. ఎవరు ఏ రూపంలో టైప్ చేసినా ఇప్పుడు అదే 48 దగ్గరికి వస్తారు. క్యాన్సిల్ చేసిన ఆ ఇద్దరికీ ఓనరుగారు తనే ఫోన్ చేసి, సరుకు ఉందని చెప్పి, పౌర్ణమికి ముందే పంపించారు.